విడి పాలు తెచ్చే వారికి లైసెన్స్ ఉండాలా? మరి శిక్షణ సంగతేంటి?

పలాస-కాశీబుగ్గలో మీరు ప్యాకెట్ పాలు కాకుండా విడి పాలు పోయించుకుంటున్నారా? అయితే పల్లె నుంచి క్యాను తెచ్చే వ్యక్తికి చట్టం ఏం చెబుతోందో చూడండి.

ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, రోజుకు 500 లీటర్ల వరకు పాలు సేకరించేవారు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అందులో పెట్టిన ఫీజు ఏడాదికి 100 రూపాయలే. 500 లీటర్లు దాటితే లైసెన్స్ కావాలి. పాలన్నీ సహకార సంఘానికే పోసే సభ్య రైతుకు మినహాయింపు ఉంది. అదే రైతు నాలుగిళ్లకు వాడుక పోస్తే మాత్రం అది వర్తించదు.

తిరకాసంతా శిక్షణ దగ్గరే. 2017లో మొదలైన ఫోస్టాక్ కార్యక్రమం కింద ప్రతి 25 మంది సిబ్బందికి శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరుండాలన్నది లైసెన్స్ ఉన్న సంస్థలకు పెట్టిన లెక్క. బండికి రెండు క్యాన్లు కట్టుకుని తిరిగే మనిషి దాకా అది రాదు.

అమెరికాలో ఫారం నుంచి పాలు ఎత్తే డ్రైవర్ శిక్షణ పొంది పర్మిట్ తీసుకోవాలి. 24 నెలలకోసారి అతని పనితీరును తనిఖీ చేస్తారు. పాలు ఎత్తే ముందే అతను వాసన చూస్తాడు, చల్లదనం కొలుస్తాడు, శాంపిల్ తీస్తాడు. తేడా ఉంటే ఆ పాలు ట్యాంకర్ ఎక్కవు. ఒకసారి కలిశాక ఎవరి పాలు ఏవో విడదీయలేం కదా! మన క్యానుకూ ఇదే వర్తిస్తుంది.

పాల కల్తీ అనగానే మనకు యూరియా, డిటర్జెంట్ గుర్తొస్తాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 సర్వేలో పరీక్షించిన 6,432 శాంపిళ్లలో ఆరోగ్యానికి హాని చేసే కల్తీ దొరికింది 12లోనే. 77 శాంపిళ్లలో మాత్రం యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితి దాటాయి. మరిగించినా ఇవి పూర్తిగా పోవు. ‘ఆవుకు ఇంజెక్షన్ ఏమైనా వేయించారా’ అని రైతును అడగాల్సింది పాలు ఎత్తే మనిషే. అలా అడగాలని అతనికి నేర్పేదెవరు? తాగునీటిపై ఇంత చర్చ నడిచే ఉద్దానంలో కూడా పాలల్లో కలిసే నీళ్లు ఎక్కడివని అడిగేవాళ్లు తక్కువే.

ఏళ్ల తరబడి పాలు పోసే మనిషిని రిజిస్ట్రేషన్ నంబర్ అడగాలంటే మొహమాటమే. అయినా అడగండి. అందులో 14 అంకెలుంటాయి, ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. లేదంటే దరఖాస్తు కూడా అక్కడే చేయొచ్చని చెప్పండి. పాత ప్లాస్టిక్ డబ్బాలో తెస్తుంటే స్టీలు క్యాను వాడమనండి. పాలు ఎప్పుడు పితికారో కూడా కనుక్కోండి, ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. ఇంటికి రాగానే మరిగించండి.