ఉడుతకు పంజరం కట్టేముందు

పిల్లలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఏడవ తరగతి చదివే ఒక అబ్బాయి ఇలా వ్రాశాడు: “మాస్టారుగారూ, మొన్న గాలివానకు మా పెరటి చెట్టు మీది నుంచి ఉడుత పిల్ల ఒకటి కింద పడింది. దాన్ని పెంచుకుందామని ఉంది. పంజరం ఎంత ఉండాలి? వెదురుతో చెయ్యవచ్చా? లోపల తిరిగే చక్రం పెట్టమంటారా?”

మంచి ప్రశ్నలే. జవాబు చెప్పేముందు, నేను చేసిన తప్పొకటి చెబుతాను.

1985 ఎండాకాలం. అప్పటికి నేను కొత్త పంతులుని. మా తరగతి కుర్రాడొకడు ఉడుత పిల్లను తెచ్చాడు. నేను ముచ్చటపడి పాత చిలక పంజరం ఒకటి సంపాదించి, దాన్ని అందులో పెట్టి, బడి వసారాలో వేలాడదీశాను. ఒకనాడు ఒంటిపూట బడి అయిపోగానే, పంజరం నీడలోనే ఉంది కదా అని ఇంటికి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం ఎండ పడమటికి తిరిగి సరిగ్గా పంజరం మీద పడింది. సాయంత్రం గింజలు వేద్దామని వెళితే ఆ చిన్న ప్రాణి చచ్చిపడి ఉంది. తెచ్చిన కుర్రాడు ఏడవలేదు. “చెట్టు మీదయితే ఆకు చాటుకు పోయేది కదండీ, మాస్టారూ!” అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక మొదటి సంగతి. పిల్ల కింద పడగానే పంజరం కోసం పరుగెత్తకండి. దెబ్బలు లేకపోతే చిన్న బుట్టలో మెత్తని గుడ్డ వేసి, దాన్ని అందులో ఉంచి, అదే చెట్టుకు పిల్లి అందుకోలేని ఎత్తున కట్టండి. దూరంగా ఉండి చూడండి. చాలాసార్లు తల్లి వచ్చి నోట కరుచుకుని గూటికి తీసుకుపోతుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదంటారు గాని, అది నిజం కాదు.

తల్లి రాకపోతే, లేక పిల్లకు దెబ్బ తగిలితే, పశువుల డాక్టరుకు చూపించాలి. కళ్ళు తెరవని పిల్లకు పంజరం కాదు, వెచ్చదనం కావాలి. ఆవుపాలు, గేదెపాలు దానికి పడవు. ఏం పట్టాలో డాక్టరునే అడగండి. మన దేశంలో 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది. కనుక పెద్దవాళ్ళ చేత అటవీశాఖ వారికి కూడా ఒక మాట చెప్పించండి.

పిల్ల కాస్త పెరిగి గెంతడం మొదలుపెట్టాక పంజరం అవసరమవుతుంది. అది ఎలా ఉండాలి?

ఉడుత ఎలుకకు దగ్గరి చుట్టం. దాని ముందరి పళ్ళను కుంతకాలు అంటారు. అవి బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరికి వాటిని అరగదీసుకోకపోతే దానికి తిండి తినడమే కష్టమవుతుంది. కనుక వెదురు పంజరం పనికిరాదు. నాలుగు రోజుల్లో కొరికి పారేస్తుంది. చట్రం కర్రదయినా, ఇనప జాలీని లోపలి వైపు నుంచి బిగించాలి. జాలీ కన్ను అర అంగుళానికి మించకూడదు. తీగ మొనలు లోపలికి పొడుచుకుని ఉండకూడదు. రంగు వెయ్యవద్దు, అది కొరికితే రంగు కడుపులోకి పోతుంది.

ఉడుత నేల మీద కన్నా చెట్టు మీదే ఎక్కువ తిరుగుతుంది. కనుక పంజరానికి వెడల్పు కన్నా ఎత్తు ముఖ్యం. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే నయం. అడుగున జాలీ కాకుండా పలక వేసి, దాని మీద పాత కాగితాలు పరచి రోజూ మార్చండి. లోపల బెరడుతో సహా జామ కొమ్మలు రెండు మూడు అడ్డంగా, ఏటవాలుగా బిగించండి. ఎక్కడానికీ అవే, కొరకడానికీ అవే. పైమూల చిన్న చెక్కపెట్టె కట్టి కొబ్బరిపీచు వెయ్యండి. గూడు అదే కట్టుకుంటుంది.

పంజరానికి సగభాగం మీద ఎప్పుడూ నీడ ఉండాలి. ఉదయపు ఎండ కొంచెంసేపు మంచిదే. మధ్యాహ్నపు ఎండ ఎటు తిరుగుతుందో ఒక రోజంతా కనిపెట్టి, ఆ తరవాతే చోటు నిర్ణయించండి. చీమలు రాకుండా, గాదె పెట్టెకు చేసినట్టే, కోళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టండి.

తిండి సంగతి: ఒక్క వేరుశనగపప్పే పెడితే ఎముకలు బలహీనపడతాయి. పండ్లు, ఆకులు, కూరగాయ ముక్కలు కూడా పెట్టాలి.

ఇక చక్రం. పూర్వం యూరపులో ఉడుతలను పెంచేవాళ్ళు పంజరానికి గుండ్రటి తీగల చక్రం బిగించేవారు. లోపల ఉడుత పరుగెత్తేకొద్దీ అది గిరగిరా తిరిగేది. పొలంలో నీళ్ళు తోడే కరెంటు మోటారు విప్పినప్పుడు చూడండి. తిరిగే భాగంలో చుట్టూ కడ్డీలు, రెండు చివరలా రెండు వలయాలు అమర్చి ఉంటాయి. అచ్చం ఆ చక్రం పోలికే! అందుకే దాన్ని ఇంజనీర్లు ‘స్క్విరల్ కేజ్’, అంటే ఉడుత పంజరం అంటారు. 1889లో దొలీవో-దొబ్రొవోల్‌స్కీ అనే ఇంజనీరు ఇలాంటి మోటారును తయారుచేశాడు. అయితే మోటారు తిరిగితే చేనుకు నీళ్ళు వస్తాయి. చక్రంలో ఉడుత ఎంత పరుగెత్తినా ఉన్నచోటనే ఉంటుంది. మీ ఉడుతకు అది వద్దు. కొమ్మలు చాలు.

అన్నింటికన్నా ముఖ్యమైనది తలుపు. అది పెద్దదిగా ఉండాలి. గడియ గట్టిగా పడాలి. ఒకనాడు తియ్యడానికి మన మనసు ఒప్పుకోవాలి!

కొన్నేళ్ళ తరవాత మా బడికి మరో పిల్ల వచ్చింది. ఈసారి పంజరం నేను చెప్పినట్టే కట్టాం. అది తనంతట తాను కాయలు ఒలుచుకు తినడం నేర్చాక, పంజరాన్ని చెట్టు కిందికి చేర్చి, వారం రోజులు ఉంచి, ఒక ఉదయం తలుపు తీశాం. నాలుగు రాత్రులు పెట్టెలోకే వచ్చి పడుకుంది. అయిదో రాత్రి రాలేదు. పిల్లలు దిగులుపడ్డారు. మర్నాడు ప్రార్థన వేళ చెట్టు మీది నుంచి ‘కిచకిచ’ వినిపించింది. అందరూ తలలెత్తి చూశారు. నేను ఎవరినీ కోప్పడలేదు; ఎందుకంటే నేనూ చూస్తున్నాను.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.