విలువల మూటలు

కోడంబాక్కంలో ఏ తెలుగు సభకు వెళ్లినా, కాఫీతో పాటు ఏదో ఒక విద్యా ట్రస్టు కరపత్రం చేతిలో పెడతారు. ‘పల్లె విద్యార్థులకు విలువలతో కూడిన విద్య’ అని అందులో ఉంటుంది. అందరూ తలలూపుతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. పొద్దున్నే పేడకళ్లెత్తి, చెల్లెల్ని చంకనేసుకుని బడికొచ్చే పిల్లకు బాధ్యతంటే ఏమిటో ఏసీ హాల్లోంచి మనం చెప్పాలా? ఆ పిల్లకు కరువైంది నీతి కాదు, పంతులమ్మ. అయిదు తరగతులకూ ఆవిడ ఒక్కతే.

సరుకు మన దగ్గరుంది, పల్లెకు పంపితే చాలన్న ఈ లెక్క మా ఊళ్లోనే ఒకసారి తల్లకిందులైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ కమిషనర్ ఎం.పి. విజయకుమార్ 13 బడుల్లో ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. కొన్నేళ్లలోనే అది తమిళనాడు సర్కారు ప్రాథమిక బడులన్నిటికీ పాకింది. దాని పుట్టిల్లు మదనపల్లె దగ్గర, రిషి వ్యాలీ పాఠశాల చుట్టూ ఉన్న పల్లెల్లోని ఒంటి టీచరు బడులు. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని విడదీసి కార్డులు చేశారు. ఏ కార్డు తర్వాత ఏదో చెప్పడానికి గోడమీద ఒక నిచ్చెన పటం. పిల్ల తన మెట్టు చూసుకుని, తన కార్డు తానే తీసుకుంటుంది. తెలియనిది పక్కనున్న పెద్దపిల్లను అడుగుతుంది. వేరుశెనగ కోతలకని వారం రోజులు బడి మానేసినా, ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలు. ‘వెనకబడ్డావు’ అనేవాళ్లుండరు. ఆ పద్ధతి చెన్నైకి వచ్చాక ఇక్కడి టీచర్లు కుర్చీ దిగి పిల్లలతో చాపమీద కూర్చున్నారు, నల్లబల్లలు పిల్లల ఎత్తుకు దిగాయి. ఇన్ని కార్డుల్లో సమానత్వం గురించి ఉపన్యాసం ఎక్కడుంది?

రిషి వ్యాలీనీ నడిపేది ట్రస్టే కదా అంటారు. అవును. ట్రస్టులతో నాకు పేచీ లేదు. రిషి వ్యాలీ వాళ్లు ఆ పల్లెల్లోనే ఏళ్ల తరబడి ఉండి, ఒక్క టీచరు ఎలా నెగ్గుకురాగలదో కనిపెట్టారు. మూట దింపి మధ్యాహ్నం బస్సుకు తిరిగిరాలేదు.

మన వైపునుంచి పల్లెకు మంచిది ఏదీ వెళ్లలేదా? వెళ్లింది. పక్కనే వడపళనిలో అచ్చయిన చందమామ వెళ్లింది. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని తీర్చిదిద్దారు. అందులో భేతాళుడు నీతి చెప్పడు, చిక్కుప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది! విక్రమార్కుడు నోరు విప్పకముందే అరుగుల మీద పిల్లలు వాదులాడుకునేవాళ్లు.

మొన్నటి సభలో కరపత్రం ఇచ్చినాయన్ని అడిగాను, “నేనిచ్చే చందాతో ఒక టీచరును పెడతారా?” అని.

“టీచర్లు మా ప్రాజెక్టులో లేరండీ,” అన్నాడాయన. “నెలకో వర్క్‌షాపు మాత్రం ఉంటుంది.”


కరపత్రం మడిచి కాఫీ కప్పు కింద పెట్టి వచ్చేశాను.