ముందు బడి దూరం కొలవండి

ముస్లిం పిల్లలు చదువులో ఎందుకు వెనకబడ్డారని అడిగితే చాలామంది తడుముకోకుండా మదర్సా పేరు చెబుతారు. ఆ తల్లిదండ్రులకు బడి చదువు మీద గురి లేదనీ, మతం అడ్డొస్తోందనీ అంటారు. ముస్లింల స్థితిగతులపై కేంద్రం వేసిన జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ 2006లో లెక్క తీస్తే, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్తున్నవారు సుమారు 4 శాతమేనని తేలింది. అదే నివేదికలో ఇంతకన్నా బాధాకరమైన సంగతి ఒకటుంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న చిన్న గ్రామాల్లో దాదాపు మూడో వంతు ఊళ్లలో బడే లేదు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. బడి లేని ఊళ్లో పిల్ల చదువుకోకపోతే ఆ తప్పును ఆమె ఇంటి నమ్మకం మీద మోపడం అన్యాయం. పైగా ఆ వివరణ పాలకుల బాధ్యతను ఎంతో తేలిక చేస్తుంది. నమ్మకాలు మార్చమని సర్కారును ఎవరూ నిలదీయరు. బడి కట్టలేదని మాత్రం నిలదీయొచ్చు.

ఒక సమాజపు కలిమిలేములకు మతంలో కారణం వెతకడం పాత అలవాటే. ప్రొటెస్టంట్ల శ్రమ, పొదుపుల వెనక వారి మతనీతి ఉందని జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ 1904-05లో వాదించాడు. 2009లో సాషా బెకర్, లూడ్గర్ వోస్‌మన్ అనే ఆర్థికవేత్తలు 1871 నాటి జర్మనీలోని ప్రష్యా జనగణన తీసుకుని 452 జిల్లాల లెక్కలు పరిశీలించారు. ప్రొటెస్టంట్ ప్రాంతాలు కలిగినవేనన్న మాట నిజమే. అయితే అక్షరాస్యతలోని తేడాను లెక్కలో చేర్చగానే ఆ ఆధిక్యం చాలావరకు కరిగిపోయింది. అక్కడ పనిచేసింది చదువు.

ఆ చదువు మతం పుణ్యాన వచ్చిందే కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఎవరి బైబిల్ వారు చదువుకోవాలన్న ప్రొటెస్టంట్ ఉద్యమ ఆద్యుడు మార్టిన్ లూథర్, బడులు పెట్టమని 1524లో జర్మన్ నగరాల పాలకులకు బహిరంగ లేఖ రాశాడు. మతం బడికి దారి తీయగలదు, కొన్నిచోట్ల అడ్డుగోడా కట్టగలదు. కానీ మతం ఒకటే అయినప్పుడు, ఏర్పాట్లు మారితే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూపింది. అక్కడ 1994 నుంచి పల్లెల్లో హైస్కూలు చదివే ఆడపిల్లలకు ఫీజు తీసేసి ఉపకార వేతనం ఇచ్చారు. 75 శాతం హాజరుండాలి, పెళ్లి కాకూడదు అన్నవి షరతుల్లో కొన్ని. గుర్తింపు ఉన్న మదర్సాలకూ అది వర్తించింది. కొన్నేళ్లలోనే హైస్కూళ్లలో ఆడపిల్లల సంఖ్య మగపిల్లలను దాటింది. ఇళ్లు అవే, నమాజు అదే.

ఈడొచ్చిన పిల్లను దూరం పంపకపోవడం మతం వల్లే కాదా అన్న వాదనా ఉంది. ఆ జంకు ముస్లిం ఇళ్లకే పరిమితం కాదు. పక్క ఊరి హైస్కూలుకు బస్సు లేక ఏడో తరగతితో ఆపేసిన హిందూ కుటుంబాలు మన పల్లెల్లో కొల్లలు. తెలంగాణలో 2016 నుంచి తెరిచిన మైనారిటీ గురుకులాల్లో ఆడపిల్లలకు వేరే బడులు, హాస్టళ్లు పెట్టడం ఈ జంకుకు ఒక జవాబు. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ఇప్పుడు మండలాల వారీగా ఒక లెక్క బయటపెట్టాలి: పదో తరగతి దాకా ఆడపిల్ల నడిచి వెళ్లగల బడి ఏయే బస్తీల్లో ఉంది, ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లకు అర్థమయ్యేలా పాఠం చెప్పే టీచరు అక్కడ ఉన్నారా, లేకపోతే ఆ పోస్టు ఎన్నేళ్లుగా ఖాళీగా ఉంది.