విహారయాత్ర ఏ కాలంలో పోవాలి?

 

విహారయాత్ర మాట వచ్చినప్పుడల్లా మనమందరం "యాడికి?" అని అడుగుతాం. "ఎప్పుడు?" అని ఎవరమూ అడగం. నా అభిప్రాయం ఏమనగా, జంతువులను, పక్షులను చూడబోయేవాళ్లు ముందుగా అడగవలసింది ఆ రెండో ప్రశ్నే.

పోయినేడు ఏం జరిగింది? సెలవు కలిసొచ్చిందని సెప్టెంబరులో నల్లమలకు పోయినాం. గేటు మూసి ఉంది. పులుల అభయారణ్యంలో జూలై నుంచి సెప్టెంబరు వరకు సఫారీ ఉండదు. అది వానకాలం, జంతువులు జతకట్టే కాలం. తప్పు గేటు వాళ్లది కాదు, కనుక్కోకుండా పోయిన మనదే. పులిని చూడబోయి పులిహోర తినొచ్చినాం!

ఇంటికి పోయి మా అబ్బకు చెప్తే నవ్వినాడు. "వానకాలంలో అడివంతా నీళ్లే కదా పాపా. యాడబడితే ఆడ నీళ్లు దొరికితే జీవం నీ కంటికి ఎందుకు కనపడతాది? ఎండకాలంలో కుంటలన్నీ ఎండి ఒక్క మడుగు మిగులుతాది. ఆడ కూచుంటే అన్నీ వస్తాయి" అన్నాడు. అబ్బ బడికి పోలేదు. కానీ ఆఫ్రికాకు పోయేవాళ్లు నమ్మేది కూడా ఈ మాటనే. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కుకు మే నుంచి సెప్టెంబరు దాకా పొమ్మంటారు. అప్పుడు అక్కడ వానలుండవు, గడ్డి ఎండుతుంది, జంతువులు నీళ్ల దగ్గరికి చేరతాయి. టాంజానియాలోని సెరెంగెటిలో పది లక్షలకు పైగా విల్డబీస్టులు వాన వెంబడి తిరుగుతూనే ఉంటాయి. జూలై నుంచి అక్టోబరు వరకు మారా నది దాటుతాయి, ఫిబ్రవరి ప్రాంతంలో దక్షిణాన ఈనుతాయి. కావున "మంచి కాలం" అనేది ఒకటే కాదు, ఏం చూడాలనుకుంటామో దాన్ని బట్టి ఉంటుంది.

మరి మనకు ఏది మంచిది? అబ్బ లెక్క ప్రకారం నల్లమలకు ఏప్రిల్, మే నెలల్లో పోవాలి. కొందరు మిత్రులు అదే అంటున్నారు. నేను ఒప్పుకోను. అప్పుడు పరీక్షలు, సెలవులు. సెలవుల్లో మనలో ఎంతోమంది అమ్మానాయనల వెంట ఇటుక బట్టీలకు, కూలి పనులకు పోతారు. వాళ్లను వదిలిపెట్టి పోయేది బడి విహారయాత్ర ఎట్లవుతుంది?

నేను చెప్పేది డిసెంబరు చివర గానీ, సంక్రాంతి సెలవులకు ముందు గానీ. పోవలసింది సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టుకు. అక్టోబరు, నవంబరు వానలకు అక్కడి చెరువు నిండుతుంది. నీళ్లలో నిలబడిన కణప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుంటే గుడ్లకు కాపలా, చేపలుంటే పిల్లలకు మేత. పక్కనే పులికాట్ సరస్సులో రాజహంసలు. అక్కడ 2001 నుంచి ఫ్లెమింగో పండుగ కూడా జరుపుతున్నారు. ఎండకాలంలో పోతే చెరువు ఎండి, పక్షులు వెళ్లిపోయి ఉంటాయి. ఇంకొక సంగతి, డిసెంబరుకు శెనక్కాయ పెరికిన కూలి డబ్బులు ఇండ్లలో ఉంటాయి. ఛార్జీ కట్టలేక ఆగిపోయేవాళ్లు తగ్గుతారు.

"అంత దూరమెందుకు, మన జిల్లాలోనే లంకమల ఉంది, కలివికోడి ఉంది గదా" అని కొందరు అడగవచ్చు. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్న పక్షి అది. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. పట్టింది పెద్ద చదువుల శాస్త్రజ్ఞుడు కాదు, ఐతన్న అనే స్థానిక వేటగాడు. రాత్రిపూట టార్చి వెలుతురులో పట్టినాడు. పాపం, ఆ పక్షి బతకలేదు. 1988లో లంకమలను అభయారణ్యం చేసినారు. అది రాత్రి తిరిగే పక్షి, పొదల మధ్య నేల మీద బతికేది. అరవైమందిమి కేకలు వేసుకుంటూ పోతే ఏమవుతుంది? దాన్ని చూడడానికి మనకు మంచి కాలం ఏదీ లేదు. పోకపోవడమే మనం చేసే మేలు.

చివరిగా ఒక మనవి. తేదీ పెట్టేముందు మన పెద్దవాళ్లను కూడా అడగండి. ఏ నెలలో ఏ జీవం యాడుంటుందో మా అబ్బకు, మీ జేజికి తెలుసు. వీలయితే బస్సులో వాళ్లకు రెండు సీట్లు పెట్టండి. ఐతన్నకు తెలిసినది పుస్తకాల్లో లేదు గదా!

మీరేమంటారు? ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికకు రాయండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని, 9వ తరగతి, కమలాపురం