ఆ సంతకాలు చేసింది మనలాంటి స్టూడెంట్లే

మొన్నొక రాత్రి మెస్ నుంచి రూముకి వచ్చాక, ఎవరి ఫోన్లోనో గాజా వార్త కనబడి వాదన మొదలైంది. పావుగంటలో రెండు జట్లయ్యాం. గొంతులు పెరిగాయి. చివరికి ఒకడు తేల్చేశాడు: "అసలు హిట్లర్ అనేవాడు పుట్టకపోయుంటే ఈ గొడవే ఉండేది కాదు మామా." అందరం ఊ కొట్టాం. నేనూ కొట్టాను. లైట్లు ఆపేసి పడుకున్నాం.

తర్వాత కాస్త చదివితే ఆ 'ఊ' ఎంత తప్పో అర్థమైంది. హిట్లర్ పుట్టింది 1889లో. 'యాంటీసెమిటిజం' అనే మాట జర్మనీలో చలామణిలోకి వచ్చింది 1879లో. అంటే ఆయన పుట్టడానికి పదేళ్ళ ముందే యూదుల మీద ద్వేషానికి ఒక కొత్త పేరు, ఒక సంఘం, ఒక పత్రికా చర్చ అన్నీ తయారుగా ఉన్నాయి. ఇంకో విషయం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆ ద్వేషానికి పెద్దమనిషి వేషం వేసింది చదువురాని గుంపులు కాదు, యూనివర్సిటీలు. ఒక ప్రొఫెసర్, ఆయన క్లాసులు కిక్కిరిసి విన్న విద్యార్థులు. కాలేజీ మ్యాగజైన్లో దీని గురించి రాయాలనిపించింది అందుకే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1806లో నెపోలియన్ యేనా దగ్గర ప్రష్యా సైన్యాన్ని చిత్తుచిత్తుగా ఓడించాడు. అప్పటికి జర్మనీ అనే దేశమే లేదు, ఉన్నవన్నీ చిన్నాపెద్దా రాజ్యాలే. దేశం లేని చోట 'మనం ఒకటి' అనడానికి మిగిలింది భాష, పాటలు, పాత కథలు, ఇంకా ఫ్రెంచివాళ్ళ మీద కోపం. ఇక్కడే ఒక మెలిక పడింది. ఫ్రెంచి పాలన నడిచిన జర్మన్ ప్రాంతాల్లో యూదులకి సమాన హక్కులొచ్చాయి. దాంతో ఫ్రెంచివాళ్ళంటే మండేవాళ్ళకి ఆ హక్కులు కూడా పరాయివాడు తెచ్చిపెట్టిన సరుకులా కనబడ్డాయి.

1817 అక్టోబరులో వార్ట్‌బర్గ్ కోట దగ్గర కొన్ని వందల మంది విద్యార్థులు పండగ చేసుకున్నారు. వాళ్ళేమీ దుర్మార్గులు కాదు. రాజుల నిరంకుశత్వం పోవాలి, రాజ్యాంగం కావాలి, జర్మనీ ఒక్కటి కావాలి అన్నవాళ్ళు. ఆ రాత్రి మంట వేసి తమకి నచ్చని పుస్తకాలు కాల్చారు. అందులో సౌల్ ఆషర్ అనే యూదు రచయిత 1815లో అచ్చేసిన పుస్తకం ఉంది. జర్మన్ అనే పిచ్చి ముదిరితే ఎటు పోతుందో హెచ్చరిస్తూ రాసిన పుస్తకం అది. తమాషా ఏంటంటే వాళ్ళు కాల్చింది అసలు పుస్తకాల్ని కూడా కాదు, పుస్తకాల పేర్లు రాసిన చిత్తుకాగితాల కట్టల్ని. పేరు చాలు, లోపల ఏముందో అక్కర్లేదు. రెండేళ్ళకి, 1819లో వుర్ట్స్‌బర్గ్‌లో మొదలై చాలా ఊళ్ళలో యూదుల ఇళ్ళ మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి.

1871లో జర్మనీ ఒక్కటైంది. దేశమంతటా యూదులకి చట్టం ముందు సమానత్వం కూడా వచ్చింది. కథ అక్కడ సుఖాంతం కావాలి. కానీ 1873లో షేర్ మార్కెట్ కూలింది. కంపెనీలు మూతపడ్డాయి, దాచుకున్న డబ్బు పోయింది. ఎవరినో ఒకరిని నిందించాలి కదా. బ్యాంకుల్లో, పత్రికల్లో నాలుగు యూదు పేర్లు కనిపించాయి. దొరికారు!

1879లో విల్‌హెల్మ్ మార్ అనే జర్నలిస్టు రంగంలోకి దిగాడు. అప్పటిదాకా ఉన్న ద్వేషం ఎక్కువగా మతం పేరుతో ఉండేది. మతం మారితే తప్పించుకునే దారైనా ఉండేది. మార్ ఆ దారి మూసేశాడు. యూదులతో గొడవ మతం గురించి కాదు, జాతి గురించి, రక్తం గురించి అన్నాడు. రక్తానికి బాప్తిస్మం ఇవ్వలేరుగా. అదే ఏడాది ఆయన పెట్టిన సంఘం పేరు 'యాంటీసెమైట్ల లీగ్'.

'సెమిటిక్' అనేది నిజానికి భాషాశాస్త్రంలో మాట. హీబ్రూ, అరబిక్ లాంటి భాషల కుటుంబానికి పెట్టుకున్న పేరు. మన తెలుగు ద్రావిడ భాషా కుటుంబంలోది అంటాం చూడండి, అలాగన్నమాట. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని ఎల్లిస్ దొర 1816లో ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో వాదించాడు. ఆయన చూపించింది ధాతువుల్ని, పదాల్ని. ఎవరి రక్తాన్నీ పరీక్ష చేయలేదు. వ్యాకరణం తేల్చిన చుట్టరికాన్ని తీసుకెళ్ళి మనుషుల ఒంట్లోకి ఎక్కిస్తే ఏమవుతుందో మార్ చూపించాడు. చూడ్డానికి సైన్స్‌లా ఉంటుంది, లోపల సైన్స్ ఉండదు. సైన్స్ చదువుకునే మనం ఇలాంటి మాట దగ్గర రెండుసార్లు ఆగాలి.

అయినా మార్‌ని పెద్దవాళ్ళు అంతగా లెక్కచేయలేదు. లెక్కచేసింది హైన్రిష్ ఫాన్ ట్రైట్ష్కెని. బెర్లిన్ యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసర్, పార్లమెంటు సభ్యుడు. 1879 నవంబరులో, గౌరవంగా పేరున్న ఒక పత్రికలో వ్యాసం రాశాడు. దాడులు చేయమనలేదు. ఇచ్చిన హక్కులు వెనక్కి తీసుకోమనీ అనలేదు. యూదులు పూర్తిగా జర్మన్లలో కలిసిపోవాలన్నాడు, వాళ్ళ మీద జనానికి ఉన్న కోపం సహజమేనన్నాడు. యూదులు దేశానికి దౌర్భాగ్యమనే అర్థంలో ఒక చిన్న వాక్యం కూడా వాడాడు. ఆ వాక్యమే దశాబ్దాల తర్వాత ఒక నాజీ వారపత్రిక మొదటి పేజీ నినాదమైంది.

ఆయనకి ఎదురు నిలిచినవాడూ అదే యూనివర్సిటీ ప్రొఫెసరే. థియోడర్ మోమ్జెన్, రోమ్ చరిత్ర రాసి తర్వాత 1902లో సాహిత్యంలో నోబెల్ అందుకున్న మనిషి. ఇన్నాళ్ళూ ఇలాంటి మాటలు పైకి అనడానికి జనం కాస్త సిగ్గుపడేవాళ్ళు, నువ్వు ఆ సిగ్గు తీసేశావు అన్నది మోమ్జెన్ ప్రధాన ఆరోపణ. నాకైతే ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. ద్వేషం కొత్తగా పుట్టలేదు. సిగ్గు పోయింది, అంతే.

సిగ్గు పోయాక ఏం జరిగింది? 1880లో ఒక పిటిషన్ మొదలైంది. బయటి దేశాల నుంచి వచ్చే యూదుల్ని ఆపాలి, అధికారమున్న ఉద్యోగాల్లోకి యూదుల్ని రానివ్వకూడదు, చిన్నపిల్లలకి పాఠాలు చెప్పనివ్వకూడదు, వాళ్ళ లెక్కలు విడిగా తీయాలి. ఇవీ కోరికలు. 1881లో బిస్మార్క్‌కి ఇచ్చేనాటికి సుమారు రెండున్నర లక్షల సంతకాలు. అందులో దాదాపు 4,000 యూనివర్సిటీ విద్యార్థులవి. ప్రభుత్వం దాన్ని పక్కన పడేసింది, చట్టం మారలేదు. కానీ సంతకాల కోసం క్యాంపస్‌లలో ఏర్పడిన బృందాలు ఇంటికి పోలేదు. 'జర్మన్ విద్యార్థుల సంఘం' పేరుతో ఊరూరా స్థిరపడ్డాయి. ఆ కుర్రాళ్ళే తర్వాత జడ్జీలు, టీచర్లు, ఆఫీసర్లు, పాస్టర్లు అయ్యారు.

స్టూడెంట్లే ఎందుకు? కారణం మనకి బాగా తెలిసిందే. కాలేజీలో చేరేవాళ్ళు పెరిగారు, ఆ స్థాయిలో ఉద్యోగాలు పెరగలేదు. యూదు కుటుంబాలు పిల్లల చదువు మీద ప్రాణం పెట్టేవి కాబట్టి, జనాభాలో నూటికి ఒక్కరే ఉన్నా క్లాసుల్లో అంతకన్నా చాలా ఎక్కువ కనబడేవాళ్ళు. "మన సీటు వాళ్ళు తన్నుకుపోతున్నారు" అనే మాట ఎంత తేలిగ్గా నోట్లోకి వస్తుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ లెక్క చూడండి. మతం మారని యూదుడికి పూర్తిస్థాయి ప్రొఫెసర్ పదవి దక్కడం చాలా అరుదు, ప్రష్యా సైన్యంలో ఆఫీసర్ కావడమైతే ఇంకా కష్టం. ఎవరు ఎవరి దారికి అడ్డున్నట్టు?

అందరూ సంతకం పెట్టలేదని కూడా చెప్పాలి. 1880 నవంబరులో బెర్లిన్ ప్రముఖులు డెబ్బై మందికి పైగా ఈ ప్రచారాన్ని ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు. 1881లో అక్కడి విద్యార్థులే కొందరు యూదులూ క్రైస్తవులూ కలిసి ఉండే పోటీ సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు తక్కువ మంది. కానీ ఉన్నారు.

ఇప్పుడు వియన్నాకి వెళ్దాం, ఎందుకంటే ఈ కథలో రెండో సగం అక్కడి క్యాంపస్‌లోనే మొదలైంది. బుడాపెస్ట్‌లో పుట్టిన థియోడర్ హెర్జల్ అక్కడ లా చదువుతూ 1881లో 'ఆల్బియా' అనే జర్మన్ జాతీయవాద విద్యార్థి సంఘంలో చేరాడు. అవును, జయోనిజం నాయకుడు మొదట జర్మన్ జాతీయవాదుల టోపీ పెట్టుకుని తిరిగినవాడే. 1883లో సంగీతకారుడు వాగ్నర్ చనిపోయినప్పుడు విద్యార్థుల సంతాప సభ యూదు వ్యతిరేక సభగా మారింది. హెర్జల్ ఆ సంఘానికి రాజీనామా రాసిచ్చి బయటికొచ్చాడు.

అప్పటికే ఇంకొందరు ముందుకెళ్ళారు. రష్యాలో 1881లో యూదుల మీద వరసగా దాడులు జరిగాక, ఒడెస్సాలో లియోన్ పిన్‌స్కర్ అనే డాక్టర్ 1882లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఎవరో విముక్తి ఇస్తారని చూడకండి, మీ విముక్తి మీరే చూసుకోండి అన్నది దాని సారం. రాసింది జర్మన్‌లో, అచ్చయింది బెర్లిన్‌లో. ఆ రోజుల్లోనే వియన్నాలో 'కదిమా' అనే యూదు విద్యార్థి సంఘం పుట్టింది. దాన్ని పెట్టినవాళ్ళలో ఒకడైన నాథన్ బిర్న్‌బామ్ 1890లో 'జయోనిజం' అనే మాట తయారుచేశాడు. యాంటీసెమిటిజం 1879, జయోనిజం 1890. రెండు మాటలకీ మధ్య పదకొండేళ్ళే తేడా.

హెర్జల్ కథని సినిమా ఇంటర్వెల్ సీన్‌లా చెబుతుంటారు: పారిస్‌లో విలేకరిగా ఉన్నప్పుడు డ్రేఫస్ అనే యూదు ఆఫీసర్‌కి అన్యాయంగా దేశద్రోహి ముద్ర వేయడం చూశాడు, వెంటనే జయోనిస్టు అయిపోయాడు అని. అది కొంతవరకే నిజం. 1895లో వియన్నా నగర ఎన్నికల్లో యూదు వ్యతిరేకతనే ఓట్లుగా మార్చుకున్న కార్ల్ లూగర్ గెలవడం ఆయన్ని అంతే కదిలించింది. 1896 ఫిబ్రవరిలో 'యూదు రాజ్యం' పుస్తకం వచ్చింది. కొద్ది వారాలకే ఆస్ట్రియాలో కత్తిపోటీల విద్యార్థి సంఘాలు ఒక తీర్మానం చేశాయి. యూదుడికి పుట్టుకతోనే పరువు లేదు, కాబట్టి అతన్ని అవమానించడం అసాధ్యం, అతని సవాలు ఎవరూ స్వీకరించక్కర్లేదు అని! ఇలాంటి క్యాంపస్‌లో చదివిన కుర్రాడు "మాకంటూ ఒక చోటు కావాలి" అనుకుంటే నాకు ఆశ్చర్యం లేదు.

అలాగని యూదులంతా ఆయన వెనక నడిచారనుకోకండి. 1897 ఆగస్టులో మొదటి జయోనిస్టు మహాసభ మ్యూనిక్‌లో అనుకున్నారు. అక్కడి యూదులే వద్దన్నారు, దాంతో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి మారింది. జర్మనీ రబ్బీల సంఘం పెద్దలు బహిరంగంగా వ్యతిరేకించారు. 1893లో బెర్లిన్‌లో మొదలైన పెద్ద యూదు సంఘం పేరులోనే తాము 'యూదు మతం పాటించే జర్మన్ పౌరులం' అని రాసుకుంది.

నా అభిప్రాయం ఏంటంటే, హెర్జల్‌కి రోగం సరిగ్గా కనబడింది. కానీ మందు ఆయన అదే షాపులో కొన్నాడు. ఒక జాతి, ఒక జెండా, ఒక భూమి. ఆ భూమిలో మనుషులున్నారని ఆయన మనుషులే చెప్పారు. అహద్ హా'అమ్ అనే హీబ్రూ రచయిత 1891లో పాలస్తీనా చూసొచ్చి, అది ఖాళీ నేల కాదని రాశాడు. 1899లో జెరూసలేం మాజీ మేయర్ యూసుఫ్ దియా అల్ ఖాలిదీ యూదుల బాధని గౌరవిస్తూనే, పాలస్తీనాని మాత్రం వదిలేయండని ఉత్తరం రాశాడు. యూదులొస్తే అక్కడివాళ్ళకీ సంపద పెరుగుతుందని హెర్జల్ జవాబిచ్చాడు. లాభం గురించి చెప్పాడు గానీ, మీకు ఇష్టమేనా అని అడగలేదు. యూరప్ చేసిన తప్పుకి బిల్లు వేరేవాళ్ళ బల్ల మీదకి వెళ్ళడం అక్కడే మొదలైందని నేననుకుంటాను. ఇందులో ఏ ఒక్క ముక్కనీ పట్టుకుని ఈనాటి చావుల్ని సమర్థించడానికి వాడితే అది చరిత్ర చదవడం కాదు.

"1881 నుంచి 1933కి తిన్నగా గీత గీసేస్తున్నావా?" అని అడగొచ్చు. లేదు. 1893లో యూదు వ్యతిరేక పార్టీలకి పార్లమెంటులో 16 సీట్లొచ్చాయి, తర్వాత అవి తగ్గిపోయాయి. ఓడిన యుద్ధం, ఆర్థిక మాంద్యం, ఇంకా ఎన్నో కలిస్తేగానీ నాజీలు గెలవలేదు. కానీ 1933 మే 10 రాత్రి జర్మన్ యూనివర్సిటీ ఊళ్ళలో పుస్తకాలు కాల్చే కార్యక్రమం నడిపింది విద్యార్థి సంఘమే. ఈసారి చిత్తుకాగితాలు కాదు, నిజం పుస్తకాలు. వార్ట్‌బర్గ్ మంటకి 116 ఏళ్ళ తర్వాత.

పిటిషన్ మీద పేరు రాసిన ఆ 4,000 మందిని రాక్షసులనుకుంటే మనకి హాయిగా ఉంటుంది. వాళ్ళు పరీక్షల గురించి, ఉద్యోగం గురించి బెంగపడిన మామూలు కుర్రాళ్ళు. సంతకానికి ఒక నిమిషం పట్టి ఉంటుంది. మన గ్రూపుల్లో ఫార్వర్డ్‌కి అంత కూడా పట్టదు. "వాళ్ళందరూ అంతే" అని మొదలయ్యే మెసేజ్ వచ్చినప్పుడు నేనిప్పుడు రెండే అడుగుతున్నాను: 'వాళ్ళు' అంటే ఎవరు, లెక్క ఏది? జవాబు రాకపోతే ఫార్వర్డ్ చేయను. ఇంకో మెట్టు ఎక్కి, ఇది తప్పని గ్రూపులో రాయడం ఇంకా అలవాటు కాలేదు, ఒప్పుకుంటున్నాను.

ఆ రాత్రి ఊ కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ వ్యాసం ఆ 'ఊ'ని వెనక్కి తీసుకోవడానికే.