పరసీమలో ఉపాధ్యాయుడు

చిక్కపేట పట్టుచీరల అంగళ్లను దాటి అవెన్యూ రోడ్డునకు నడచినచో, పుస్తకముల దుకాణముల సందడి నడుమ ఒక క్రైస్తవ దేవాలయము కనబడును. దాని పేరు రైస్ స్మారక దేవాలయము. మా విద్యార్థులు పెక్కుమంది దానిని నిత్యము చూచుచునే యున్నారు. ఒకనాడు తరగతిలో "రైస్ అనగా ఎవరు?" అని మేము ప్రశ్నింపగా, ఒక బాలుడు లేచి, "ఎవరు కాదు సార్, బియ్యము!" అని బదులు చెప్పెను. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. కాని ఆ ప్రశ్నకు సరియైన సమాధానము తెలిసికొనుట ఈ పేటలో తెలుగు చదువుకొను వారికి, చెప్పు వారికి మేలు చేయునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బెంజమిన్ హోల్ట్ రైస్ లండన్ మిషనరీ సంఘమువారి పక్షమున 1837లో బెంగళూరునకు వచ్చిన ఆంగ్లేయుడు. 1887లో కన్నుమూయువరకు, అనగా ఏబదియేండ్లు, ఈ ఊరే ఆయనకు కార్యక్షేత్రము. ఈ పేటలో విద్యావ్యాప్తికి పాటుపడిన తొలితరమువారిలో ఆయన యొకడు. ఆయన వచ్చినది మతబోధకు. ఆ సంగతి దాచవలసిన పని లేదు. అయినను పేటలోని పిల్లవాని యెదుట నిలువవలెనన్నచో ముందు ఆ పిల్లవాని భాష రావలెను. కావున ఆయన కన్నడమును నేర్చెను. అవసరమునకు చాలినంత నేర్చి ఊరకుండక, కన్నడ బైబిలు సంస్కరణమున పాల్గొనునంతటి పండితుడయ్యెను. 1837లో ఈ ఊరనే జన్మించిన ఆయన కుమారుడు బెంజమిన్ లూయీ రైస్, మైసూరు సీమలోని సుమారు 9,000 శాసనములను సేకరించి ‘ఎపిగ్రాఫియా కర్నాటికా’ సంపుటములుగా వెలువరించెను. తండ్రి బిడియపడక నేర్చిన పరభాష కుమారునికి స్వభాషవంటి దయ్యెను.

పరదేశమున పనిచేయు ఉపాధ్యాయుడనగానే మనకు దూరప్రయాణము, పెద్దజీతము, గౌరవము స్ఫురించును. నిజమైన దినచర్య వేరు. అంగడిలో ఉప్పు అడుగుటకు మాట తోచదు. పిల్లలు నవ్విరన్నచో తన ఉచ్చారణమునకు నవ్విరో, తన వేషమునకు నవ్విరో తెలియదు. పండుగనాడు అందరును తమ తమ ఇండ్లకు పోగా తానొక్కడు గదిలో మిగులును. మరునాడు గంట మ్రోగగానే ఏమియు జరుగనట్లు నల్లబల్ల యెదుట నిలువవలెను.

మేము సముద్రము దాటలేదు. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది, ఒక రాత్రి రైలుప్రయాణముతో ఈ ఊరు చేరితిమి. అయినను మొదటి వారమున ఒక కొట్టువాడు "హాలు బేకా?" అని అడుగగా, పెండ్లిండ్లకు అద్దెకిచ్చు హాలు సంగతి కాబోలునని తలచి, తల యడ్డముగా ఊపి, ఉత్త చెంబుతో ఇంటికి వచ్చితిమి. ఆ కథ విని మా ఏడవ తరగతి పిల్లలే మాకు పాఠము చెప్పిరి. తెలుగు పకారము పెక్కుచోట్ల కన్నడమున హకారమగును: పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లె హళ్ళి. ఇది శిక్షణ కళాశాలలో మేము చదివినదే. కాని పాలు లేని కాఫీ త్రాగిననాడు గాని మాకు బోధపడలేదు. ఉపాధ్యాయుడు పరసీమలో మొదట విద్యార్థి కావలెనను సత్యము మాకు ఆ విధముగా తెలిసివచ్చెను.

మన తెలుగునాటికి వచ్చిన రాబర్టు నోబుల్ చరిత్రయు ఇదియే. ఆయన 1841లో బందరు చేరెను. బడి తెరచినది 1843లో. నడుమ రెండేండ్లు తెలుగు నేర్చెను. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవమతమును స్వీకరింపగా, తక్కిన పిల్లలను తల్లిదండ్రులు ఇండ్లకు తీసికొనిపోయిరి, బడి పాడుపడినట్లయ్యెను. తల్లిదండ్రుల భయము అకారణము కాదు. బిడ్డను బడికి పంపుట యనగా పరాయివాని చేతిలో పెట్టుటయే కదా! కాని నోబుల్ బడిని విడువలేదు, ఊరిని విడువలేదు. పిల్లలు క్రమక్రమముగా తిరిగి వచ్చిరి. 1864 నవంబరు 1వ తేదిన వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. ఆ మరుసటి యేట, ఒక్కసారియైనను స్వదేశమునకు పోకయే, ఆయన బందరుననే మరణించెను. ఆయన విశ్వాసముతో మనకు పొత్తు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఉపాధ్యాయుడు నమ్మకమును సంపాదించుకొనునది ఉపన్యాసములతో కాదు, నిలుకడతో నని ఆ జీవితము చెప్పుచున్నది.

ఇక మనవారి మాట. 1860 నవంబరు 16న మదరాసునుండి ‘ట్రూరో’ అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరెను. అది మొదలు వేలకొలది తెలుగు కూలీలు చెరకుతోటలకు, తేయాకుతోటలకు పోయిరి. వారికొరకు 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత సంఘము పక్షమున నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్యను పంపిరి. ఆయన భార్యాబిడ్డలతో సముద్రము దాటి, కీర్స్నీ తేయాకుతోటలో తెలుగు సంఘమును స్థాపించెను. తోటపిల్లలకు చదువు చెప్పించుటయు ఆయన పనిలో భాగమే. పగలెల్ల తోటపనిలో నలిగిన తల్లిదండ్రులు సాయంకాలమున తమ మాటలో ప్రార్థన విని, తమ మాటలో పాట పాడుకొనిరి. 1915లో మరణించువరకు ఆయన అచటనే పనిచేసెను. రైస్ పరాయివారి భాష నేర్చి వారిని చేరెను; రంగయ్య తనవారి భాషను వారి వెంట నడపించెను. పరసీమలోని ఉపాధ్యాయునికి ఈ రెండు ఋణములును కలవు.

మన చిక్కపేటలో ఈ రెండు ఋణములును తీరుచున్నవా? నిరుడు ఒక తండ్రి మా యొద్దకు వచ్చి, "అయ్యా, మావాడు రేపు కొట్టులో కూర్చుండవలసినవాడు. కన్నడము, ఇంగ్లీషు చాలును. తెలుగెందుకు?" అని బిడ్డను వేరొక బడిలో చేర్చెను. ఆయనపై మాకు కోపము లేదు. ఆ మాట తెలుగులోనే చెప్పినందుకు మాత్రము విచారము కలిగెను. మరియొక ఇంటివారు, "మనము తెలుగువారము, కన్నడముతో మనకేమి పని?" అనిరి. ఈ మాట మొదటిదానికంటె మేలైనది కాదు. మనకు అన్నము పెట్టు ఊరి భాషను నేర్వనివాడు యజమాని పలుకు వినని అతిథివంటివాడు.

మన రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. దక్షిణాఫ్రికావారు 1996లో రచించుకొన్న రాజ్యాంగమున, ఆదరింపదగిన భాషలలో తెలుగును పేరుపెట్టి చెప్పిరి. ఎంతటి గౌరవము! అయినను అచటి తెలుగు కుటుంబములు పెక్కింట నేడు ఇంటిభాష ఇంగ్లీషే. రాజ్యాంగము భాషకు పీట వేయగలదు; దానిపై కూర్చుండబెట్టవలసినవారు తల్లిదండ్రులు.

విద్యార్థులారా! ఈ వీథుల క్రింద మెట్రో రైలు పోవుచున్నది, ఊరు మారుచున్నది. వీథిలో కన్నడమును స్నేహితులకంటె చక్కగా మాటలాడుడు. ఇంటికి పోయి నాయనమ్మకు తెలుగు వాచకమునుండి ఒక పుట చదివి వినిపింపుడు. ఈ రెండును చేసినవానికి ఏ సీమయు పరసీమ కాదు.

ఆ బియ్యము చెప్పిన బాలుడు మరునాడు దేవాలయపు గోడపై నున్న కన్నడ అక్షరములను తన పుస్తకమున వ్రాసికొని వచ్చి, వాని క్రిందనే తెలుగు లిపిలో అవే మాటలు వ్రాసి మాకు చూపెను. ఒక్క తప్పును లేదు.