మొదటి రికార్డులో విల్లమ్ములు లేవు



పోయిన వారం మన గ్రూపులో జరిగిన గొడవ అందరూ చూసే ఉంటారు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఈసారి గిటారు, డ్రమ్సు పెట్టి పాడతామని మేము అన్నాం. "డోలు వదిలేసి గిటారేందిరా? మన సంస్కృతి ఏం కావాల?" అని కొందరు అన్నలు కోప్పడినారు. కామెంట్లలో చెప్తే మాటకు మాట పెరుగుతాదని ఈ పెద్ద పోస్టు రాస్తున్నాం. చదివినాక తిట్టండి, పడతాం. చదవకుండా మాత్రం తిట్టొద్దు.

మాది రుద్రవరం మండలం, నల్లమల అంచు. హాస్టల్ రూములో నలుగురం ఉంటాం. ఇద్దరం చెంచులం, ఒకడు సుగాలి, ఒకడు ఎరుకల. నాలుగు ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒక రాత్రి ఫోన్లో "గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ" సినిమా చూస్తుంటే, మొదట్లో హీరో చిందులేసే పాట ఎవరిదా అని వెతికినాం. 1974లో వచ్చిన ఆ పాట రెడ్‌బోన్ అనే బ్యాండుది. బ్యాండు పెట్టిన అన్నదమ్ములు అమెరికా ఆదివాసీ మూలాలున్నోళ్ళు. సినిమా 2014లో ప్రపంచమంతా చూసింది. పాట ఆదివాసీలదని ఎంతమందికి తెలుసు? మాకూ తెలీదు. అట్లా వెతుక్కుంటా పోతే ఇంకో పేరు దొరికింది: లింకన్ స్ట్రీట్ ఎగ్జిట్. ఈ పోస్టు దాని గురించే.

న్యూ మెక్సికో రాష్ట్రంలో ఆల్బుకర్కీ అనే ఊరుంది. లింకన్ స్ట్రీట్ ఎగ్జిట్ ఆ ఊరి ఆదివాసీ కుర్రోళ్ళ బ్యాండు. వాళ్ళ మొదటి ఆల్బమ్ "డ్రైవ్ ఇట్!" 1970లో మెయిన్‌స్ట్రీమ్ అనే చిన్న కంపెనీ నుంచి వచ్చింది. జానిస్ జాప్లిన్ పాడిన బిగ్ బ్రదర్ బ్యాండు మొదటి రికార్డు వేసింది కూడా ఈ కంపెనీయే. "డ్రైవ్ ఇట్!"కు మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. ఇప్పుడు పాత రికార్డులు ఏరుకునేవాళ్ళకు తప్ప ఎక్కువమందికి దాని పేరు తెలీదు.

మేము ఇయర్‌ఫోన్లు పంచుకుని విన్నాం. గిటారు శబ్దం పగిలి గరగరమంటాది, డ్రమ్స్ గట్టిగా దంచుతారు, కింద బ్లూస్ నడక. నిజం చెప్పాలంటే గొప్ప ఆల్బమేం కాదు. అప్పట్లో హెవీ రాక్ వాయించే ప్రతి కుర్రోడూ వాయించినట్టే వాయించినారు. అందులో మా తెగ, మా భూమి, మా దుఃఖం అనే మాట పెద్దగా లేదు. అట్ట మీది పేరు తీసేస్తే అది ఆదివాసీల పాటని ఎవరూ పోల్చుకోలేరు.

మాకు నచ్చింది అదే. 1970 అంటే మామూలు సంవత్సరం కాదు. 1969 నవంబరు నుంచి 1971 జూన్ దాకా ఆదివాసీ విద్యార్థులు, ఉద్యమకారులు అల్కాట్రాజ్ దీవిని పట్టుకుని కూర్చున్న కాలం. అట్లాంటప్పుడు కూడా ఈ కుర్రోళ్ళు మొదటి రికార్డులో ఈకలు పెట్టుకుని నిలబడలేదు. అందరు కుర్రోళ్ళ మాదిరే గట్టిగా వాయించినారు, అంతే. ఆదివాసీ అయినవాడు నోరు తెరిస్తే ఆదివాసీతనం గురించే మాట్లాడాలని చట్టమేం లేదు కదా.

తర్వాత ఏమైందో చూడండి. అదే కుర్రోళ్ళు డకోటా తెగకు చెందిన టామ్ బీతో కలిసి బ్యాండు పేరును ఎక్సైటీ అని మార్చుకున్నారు. ఆదివాసీ తెగల కూడలి అని దానికి అర్థం. రకరకాల తెగలవాళ్ళు ఒక్కచోట చేరినారు, మా రూము మాదిరి. జాక్సన్ 5 పాటలు తెచ్చిన మోటౌన్ వాళ్ళ రేర్ ఎర్త్ లేబుల్ మీద 1972లో "ప్లైట్ ఆఫ్ ది రెడ్‌మ్యాన్" వేసినారు. తెల్లోళ్ళు రాకముందు నుంచి తమ కాలం దాకా జాతి కథ మొత్తం అందులో ఉంది. నవాహో భాష మాటలు కూడా ఉన్నాయి. మొదటి రికార్డులో సాధన చేసిన చేతులే ఆ కథను మోసినాయి. టామ్ బీ తర్వాత 1989లో సొంతంగా రికార్డు కంపెనీ పెట్టినాడు. గ్రామీ అవార్డుల్లో ఆదివాసీ సంగీతానికి మొదటిసారి బహుమతి ఇచ్చింది 2001లో. దాన్ని అందుకున్న ఇద్దరిలో ఆయన ఒకడు.

"గిటారు మనది కాదు" అన్న అన్నకు ఒక మాట. ఆ గరగర శబ్దాన్ని రాక్‌కు నేర్పినవాళ్ళలో షానీ మూలాలున్న లింక్ రే ఒకడు. ఆంప్లిఫయర్ స్పీకరుకు పెన్సిలుతో బొక్కలు పొడిచి ఆ శబ్దం రప్పించినాడు. 1958లో వచ్చిన ఆయన "రంబుల్"లో ఒక్క మాట కూడా లేదు, ఉట్టి వాయిద్యమే. అయినా కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని నిషేధించినాయి. గిటారులో మనలాంటోళ్ళ చెయ్యి కూడా ఉందన్నా.

మీ భయం మాకు అర్థం కాక కాదు. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించినారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. వాళ్ళ తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు మా నలుగురి దగ్గర జవాబు లేదు. మా అవ్వ పాడే పాటల్లో ఒక్కటి కూడా మాకు మొదలు నుంచి చివరిదాకా రాదు. ఇది సిగ్గుపడాల్సిన మాటే. అయితే ఆ పాటల్ని గిటారు మింగలేదు. పదేళ్ళ వయసులో హాస్టల్‌కు వచ్చేసినాం, అవ్వ అక్కడే ఉండిపోయింది.

ఇంకో సంగతి. పోయినేడు ఒక కాలేజీ ఫెస్టులో మాకు ఆకులు కట్టి, చేతికి విల్లు ఇచ్చి, సినిమా పాటకు ఎగరమన్నారు. ఎగిరినాం. చప్పట్లు బాగా పడినాయి. మా నాయన ఎప్పుడూ ఆకులు కట్టుకోలేదు, లుంగీ కడతాడు. అహోబిలం పారువేటలో మన చెంచులు స్వామి పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. అది మనది, అందులో మన పరువుంది. ఫెస్టులో మాది వేషం. ఆ వేషానికి ఎవరూ అడ్డం చెప్పలేదు, గిటారుకు మాత్రం అడ్డం చెప్తున్నారు. ఎందుకన్నా?

మొదటి తరం చదువుకూడా ఆ మొదటి రికార్డు లాంటిదే. మా మొదటి సెమినారు పేపరు అక్కడా ఇక్కడా చూసి రాసిందే. ఇప్పుడు సొంత వాక్యం ఒకటీ రెండూ వస్తున్నాయి. పాట కూడా అట్లే వస్తాది. మొదట అరువు శబ్దమే ఉంటాది. దానికే గొంతు నొక్కితే రెండో రికార్డు ఎట్లా వస్తాది?

కాబట్టి మేము అడిగేది ఇది. ఆగస్టు 9న ముందు పెద్దల పాటలు పెడదాం. సెలవులకు ఇంటికి పోయిన ప్రతి ఒక్కరం అవ్వతోనో తాతతోనో ఒక్క పాటన్నా ఫోన్లో రికార్డు చేసుకొద్దాం. మేము నలుగురం ఈ శనివారం నుంచే మొదలుపెడతాం. తర్వాత ఇరవై నిమిషాలు మాకివ్వండి. బాగలేకపోతే మొహం మీదనే చెప్పండి, దిగిపోతాం.

ఆకులు మాత్రం కట్టుకోం.

జై ఆదివాసీ.